ఇచ్చిపోయిన దొంగ

ఏమీ ఎత్తుకుపోకుండానే దొంగగా దొరికిపోయిన వీరుణ్ని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే నన్ను చూడండి. ములకలపల్లి అడవి అంచున ఒక గూడెం నన్ను పందిరి గుంజకు కట్టేసిన ఘనచరిత్ర ఇది.

రెండువేల సంవత్సరం తర్వాతి మాట. మసీదు వెనక రేకుల షెడ్డులో మా పదిమంది కుర్రాళ్లకు ఖాసీం సార్ సేవాపని నేర్పేవారు. ఆయన మణుగూరు బొగ్గుగనిలో రిటైరై వచ్చిన మనిషి. రోజూ చెప్పేవి రెండే ముక్కలు. "కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెల్వద్దు. ఇచ్చే ముందు వాళ్లకేం కావాల్నో అడుగుండ్రి." మొదటి ముక్క నా చెవిన పడింది. రెండోది చెప్పేసరికి సమోసాలు వచ్చాయి.

చివరి పరీక్షకు తలా ఒక బియ్యం మూట, దాన్ని ఇచ్చి రావడానికి ఒక ఇల్లు. గెలిచినవాడు సేవాదళం లీడర్, వాడి మెడలో విజిల్. ఆ విజిల్ కోసం వరద గోదావరికి ఎదురీదమన్నా ఈదేవాణ్ని.

నాకు పడింది ఒంటరిగా ఉండే ముత్తమ్మవ్వ ఇల్లు. బీడీల తునికాకు కోసే రోజులు. పొద్దున్నే గూడెమంతా ఖాళీ. గుట్టుగా ఇవ్వడానికి ఇంతకంటే అదను ఉంటుందా? మొహానికి తువ్వాలు చుట్టి, తడక తోసి దూరాను. మూట దించాను. పిల్లిలా బయటికి వచ్చాను. కోసిన ఆకును ఎండ ముదరకముందే ఇంటికి తెస్తారని నాకేం తెలుసు? నెత్తిన మోపులతో పదిహేనుమంది వాకిట్లో ఉన్నారు. దాతకు తేలు కుట్టినట్టు నిలబడిపోయాను.

"ఏం ఎత్తుకపోతున్నవ్‌రా?" అన్నాడు గూడెం పెద్ద పటేల్.

"ఏం లేదు."

"మరి ఇంట్లకెందుకు పోయినవ్?"

చెబితే ఎడమచేతికి తెలిసిపోదూ? విజిల్ పోదూ? "చెప్పరాదు" అన్నాను గంభీరంగా.

"మంచిగుంది. కట్టేయుండ్రి."

ముత్తమ్మవ్వ ఇల్లంతా వెతికి వచ్చింది. "నాయి ఏం పోలే పటేలా. ఓ మూట ఎక్కువైంది."

"అట్లైతే ఏడనో కొట్టుకొచ్చి నీ ఇంట్ల దాసిండు" అని తేల్చాడు పటేల్.

సార్‌కు కబురు పెట్టమని నేనే ఏడ్చాను. స్కూటర్ దిగి కథంతా విన్నారాయన. "గుట్టుగ ఇయ్యమన్న. దొంగలెక్క దూరమన్ననా? అవ్వకేం కావాల్నో అడిగినవా?"

నా ముక్కుకు సమోసా వాసన కొట్టింది.

"బియ్యం ఉన్నయ్ సారూ" అంది అవ్వ. "పొద్దటి సంది వీనికి కావలున్న. ఆకు గట్లనే పడి ఉంది. పొద్దుగూకేలోపు కట్టలు కట్టి ఆకు కొనే కల్లంల ఇయ్యకపోతే ఇయ్యాల్టి కూలి మట్టిల కలిసినట్టే."

సార్ కట్లు విప్పించి నన్ను ఆకుల ముందు కూర్చోబెట్టారు. యాభై ఆకులకో కట్ట. విజిల్ అవ్వ మెడలో వేశారు. నా చేయి మందగించినప్పుడల్లా ఆమె ఊదేది. మధ్యలో జావ పోసింది. "తాగు కొడుకా. దొంగకైనా ఆకలైతది."

పొద్దుగూకకముందే కట్టలన్నీ కల్లం చేరాయి. బియ్యం మూట మాత్రం నాతోనే తిరిగొచ్చింది. "గీ పిలగానికే వండిపెట్టుండ్రి, బక్కగున్నడు" అంది అవ్వ.

కుడిచెయ్యి చేసింది ఎడమచేతికి తెలియకపోవడమా? బొబ్బలెక్కిన ఆ రెండూ వారం రోజులు ఒకదానికొకటి చెప్పుకొని ఏడ్చాయి. అందుకే ఆ రెండు చేతులూ జోడించి ప్రమాణం చేస్తున్నాను: ఇక ఎవరి వాకిట్లోనైనా మూడుసార్లు సలాం చెప్పి, "అవ్వా, ఏం కావాలె?" అని అడగనిదే తడక ముట్టను. సమోసాలు వచ్చినా సరే, పాఠం అయ్యేదాకా కదలను.