రిపోర్టు లేని కిడ్నీ

నరసరావుపేటలో మా షెడ్డులో ఆయిల్ ఇంజన్ విప్పుతూ మధ్యలో మూత్రానికి లేచాను. ఎర్రగా పడింది. నొప్పి లేదు. మా ఆవిడ వేడి చేసిందంది. ఊళ్లో డాక్టరూ అదే మాట అని మాత్రలిచ్చాడు. రెండు నెలలకు మళ్లీ ఎర్రగా వచ్చేసరికి గుంటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రికి వెళ్లాం. స్కానింగ్ తీశారు. "ఎడమ కిడ్నీలో ట్యూమర్. కిడ్నీ తీసెయ్యాలి" అన్నాడు సర్జన్.

తీశారు. నేనింకా మత్తులో ఉండగానే నర్సు మూతసీసా ఒకటి మా తమ్ముడు కరీం చేతిలో పెట్టి, "మీ పేషెంటుది, తీసుకెళ్లండి" అందట. ఎక్కడికో చెప్పలేదు. ఒంట్లోంచి తీసిన భాగాన్ని మర్యాదగా మట్టి చెయ్యడం మా ఆనవాయితీ. కరీం దాన్ని కొత్త గుడ్డలో చుట్టి, బస్సులో నరసరావుపేటకి తెచ్చి, కబరస్తాన్‌లో మా నాన్న పక్కన పూడ్చాడు.

కుట్లు విప్పే రోజున సర్జన్, "బయాప్సీ రిపోర్టేదయ్యా?" అన్నాడు.

"ఏం రిపోర్టు సార్? సీసాలోది పూడ్చిపెట్టాం గదా" అన్నాడు కరీం.

"బుద్ధుందా మీకు? గడ్డ ఏ గ్రేడో ల్యాబులో చూస్తేనే గదా తెలిసేది! మళ్లీ వచ్చేదో రానిదో ఇప్పుడెట్టా చెప్పను?"

నాకు ఒళ్లు మండింది. కుట్లు పట్టుకుని లేచి కూర్చున్నాను. "మాకు బుద్ధి లేదు, సరే. ల్యాబుకని ఒక్క మాట చెప్పడానికి మీ నోళ్లకేమైంది సార్?"

ఆయన గడ్డ ఊపిరితిత్తులకు పాకిందేమో చూడ్డానికి మూడు నెలలకోసారి ఛాతీ ఎక్స్‌రే తీయించుకోమని రాసిచ్చి పక్క మంచం దగ్గరికి పోయాడు.

ఊరంతా కరీంనే తిట్టింది. వాడు షెడ్డుకు రావడం మానేశాడు. నేనే ఇంటికెళ్లి, "నువ్వు నా కిడ్నీకి మర్యాద చేశావురా. వాళ్లు నాకు ఆ మాత్రం మర్యాద కూడా చెయ్యలేదు" అన్నాను. వాడు ఏడ్చాడు. మర్నాడు పనిలోకొచ్చాడు.

నాలుగేళ్లయింది. ఇంజన్లు విప్పుతూనే ఉన్నాను. ఆసుపత్రిలో నా పక్క మంచం మీదున్న మాస్టారి గడ్డ తక్కువ గ్రేడని రిపోర్టొచ్చింది, ఆయన నిశ్చింతగా ఉన్నాడు. నాకు మాత్రం ఎక్స్‌రే కవరు విప్పిన ప్రతిసారీ భయమే. ఆ భయం రోగం పెట్టింది కాదు, నోరు విప్పనివాళ్లు పెట్టింది. ఆ కోపం నాకింకా చల్లారలేదు.

మీ ఒంట్లోంచి ఏది తీసినా, అది ఏ ల్యాబుకెళ్లాలో, రిపోర్టు ఎప్పుడిస్తారో అడిగి కాగితం మీద రాయించుకోండి. ల్యాబువాళ్లు చూశాక మిగిలింది అడిగి తెచ్చుకుని మట్టి చేసుకోవచ్చు. కబరస్తాన్ ఎక్కడికీ పోదు.