కండక్టరు మామూ ఊదిన ఫౌలు

నా చిన్నప్పుడు ఆదోనిలో నేను ఒకచోట కుదురుగా కూర్చోగా చూసినవాళ్లు లేరు. అన్నం కూడా నిలబడే తినేవాణ్ణి. మా అమ్మ దానికి కడుపులో నులిపురుగులు కారణమనేది, మా నాన్న చదువు ఎగ్గొట్టే ఎత్తు అనేవాడు. వాళ్లిద్దరూ ఒక మాట మీదికి వచ్చేలోపు నేను మైదానంలో ఉండేవాణ్ణి.

మా వీధి పిల్లలందరం ఒక సెలవుల్లో చేలకు పోయి పత్తి తీసి, ఆ కూలితో ఒక తోలు బంతి కొన్నాం. అంతకుముందు పాత గుడ్డలు చుట్టి పురికొసతో కట్టిన ముద్దతో ఆడేవాళ్లం. వాన పడితే అది బంతి కాదు, తడిసిన బొంత. తోలు బంతి వచ్చాక దాన్ని రోజుకొకరి ఇంట్లో వంతుల ప్రకారం పడుకోబెట్టేవాళ్లం. కన్నబిడ్డను అంత శ్రద్ధగా పెంచినవాళ్లను నేను ఆ తర్వాత కూడా చూడలేదు.

అలాంటి బంతిని మా అన్న పందెంలో పెట్టాడు. ఆయనే మా జట్టు కెప్టెన్. ఎమ్మిగనూరు పిల్లలు ఒక ఆదివారం ఆటకు వస్తామని కబురు పంపితే, గెలిస్తే బంతి మీదేనని జవాబు పంపాడు. ఓడితే వాళ్లు తమ ఇళ్లలో నేసిన తువ్వాళ్లు, మనిషికొకటి చొప్పున, మాకివ్వాలి. మాకు తువ్వాళ్ల అవసరం లేదు, స్నానం చేసేదే అరుదు. ఆ వారమంతా నాకు నిద్ర పట్టలేదు. బంతి ఎవరింట్లో పడుకుంటే వాళ్ల ఇంటి ముందు తిరిగాను.

రెండూళ్లవాళ్లూ ఒప్పుకున్న రెఫరీ ఒక్కరే దొరికారు. మా పక్కింటి మామూ. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ మధ్య తిరిగే ఎర్రబస్సులో కండక్టరు. వయసులో ఉండగా తానూ ఫుట్‌బాల్ ఆడినవారు, పైగా విజిల్ సొంతం. ఆయన ఒకసారి ఊదితే ఆట ఆగేది, రెండుసార్లు ఊదితే సాగేది. ఫుట్‌బాల్‌లో అలాంటి నియమం లేదని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆరోజు మాత్రం ఎవరికీ అనుమానం రాలేదు, ఇరవైరెండు మందిమీ ఆ బస్సు ఎక్కేవాళ్లమే.

ఆట చివరికి వస్తున్నా ఎవరూ గోలు కొట్టలేదు. అప్పుడు బంతి నా ముందు పడింది. నేను పరుగెత్తాను. పక్కనుంచి ఎమ్మిగనూరు జట్టులోని భారీ మనిషి ఒకడు అదే బంతి కోసం వచ్చాడు. వాని భుజం నా భుజానికి ఆనింది. వానికి ఏమీ కాలేదు. నేను మాత్రం గాల్లోకి లేచి, నేల మీద పడి, ఇంకా కొంత దూరం నా సొంత ఖర్చుతో దొర్లాను. మోచేయి, మోకాలు రెండూ చెక్కుకుపోయాయి. రక్తం చూసి మావాళ్లు ఫౌల్ ఫౌల్ అని అరిచారు. నేను కూడా పడుకునే అరిచాను. మామూ మాత్రం బస్సులో జనాన్ని ముందుకు జరపడానికి ఊపినట్టే చేయి ఊపి, బంతి వెంట వెళ్లిపోయారు.

నేను ఇంకా లేవకముందే బంతి మా గోలు వైపు చేరింది. వాళ్ల జట్టులో ఒక బక్కపిల్లవాడు మా అన్నను తప్పించుకుని ముందుకు దూకాడు. మా అన్న వాని చొక్కా అంచును రెండు వేళ్లతో పట్టి, వెంటనే వదిలేశాడు. ఆ పిల్లవాడు పడలేదు, అరవలేదు. అడుగు కాస్త తడబడి, బంతిని గోలు పక్కకు తన్నాడు. మేం ఊపిరి పీల్చుకునేలోపు విజిల్ ఒకసారి మోగింది. మామూ పెనాల్టీ ఇచ్చారు. అందరికంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది ఆ బక్కపిల్లవాడే.

"ఏం మామూ, వాడు పడనే లేదు కదా," అన్నాడు మా అన్న.

"పడేదానికేముందిలేరా. నీ తమ్ముడు పడినాడు, సూడలేదా?"

గట్టు మీదున్న మా వీధి పెద్దలు కూడా దిగివచ్చారు. అందులో ఒకాయన గొంతు తగ్గించి, "మామూ, మనం ఆదోనోళ్లం. ఆ సంగతి మర్సిపోతాండావు," అన్నాడు.

"మర్సిపోలేదప్పా. నా బస్సు రెండూర్లకూ పోతాది," అని మామూ రెండుసార్లు ఊదారు. బక్కపిల్లవాడు గోలు కొట్టాడు. బంతి వాళ్లదైంది.

సాయంత్రం ఇంట్లో ఉండలేకపోయాను. మా అన్న గోడ వైపు తిరిగి పడుకున్నాడు. బంతి అదే మామూ బస్సులో పోతుందని తెలిసి బస్టాండుకు పరుగెత్తాను. కిటికీ పక్కన బక్కపిల్లవాడు బంతిని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. దాన్ని ఎత్తుకుపోదామని కాసేపు అనుకున్నాను గానీ మోకాలు వంగలేదు. మామూ నన్ను చూసి దిగివచ్చారు.

"మందు పూసుకున్నావేంరా?"

"నాకు రక్తమొచ్చినా ఊదలేదు నువ్వు. వాని సొక్కా రవ్వంత లాగితే ఊదినావు. మాకింక బంతి లేదు," అన్నాను. ఏడవడం లేదని చూపడానికి ముక్కు చీదాను. అది ఎవరినీ మోసం చేయలేదు.

ఆయన బస్సు మెట్టు మీద కూర్చున్నారు. నన్ను కూర్చోమనలేదు, నా సంగతి తెలుసు కనుక.

"బస్సులో బ్రేకు పడతాదిరా. నిలబన్నోడు కూసున్నోని మీద పడతాడు, కాలు తొక్కుతాడు, గోరు లేసిపోతాది. ఇద్దరూ కలిసి డ్రైవరును తిడతారు, అయిపాయ. ఇంగొకడుంటాడు. బ్రేకూ పడదు, ఏమీ పడదు. రెండు వేళ్లు మటుకు పక్కోని జోబీకాడికి పోతాయి. పక్కోనికి తెలను కూడా తెలదు. యాడ ఊదల్ల నేను?"

నేను చెక్కుకుపోయిన మోచేతిని తిప్పి చూసుకున్నాను.

"నీకు తగిలింది. ఆ పిల్లోనికి తగిలిచ్చినారు. రెండూ ఒకటి కాదు బేటా."

"రక్తం ఎక్కువ నాకే వచ్చింది," అన్నాను చివరి ప్రయత్నంగా.

"రక్తానికి అయోడిన్ ఉండాదిలే. ఫౌలుకే విజిల్," అని ఆయన బస్సెక్కారు. బంతి ఎమ్మిగనూరుకు పోయింది. బస్సు మలుపు తిరిగేదాకా నేను ఒక్కచోటే నిలబడ్డాను. నా జీవితంలో అదే మొదటిసారి. మోకాలి నొప్పి కూడా కొంత సాయం చేసింది.

ఇప్పుడు నాకూ జుట్టు నెరిసింది. ఎవరి మాటైనా నన్ను పడగొడితే, అరవడానికి ముందు కాసేపు ఆగుతాను. ఇంట్లోవాళ్లు దాన్ని చెవుడు అనుకుంటున్నారు. ఆగి చూస్తే చాలావరకు అవతలివాళ్లూ వాళ్ల బంతి వెంట వాళ్లు పరుగెత్తుతున్నవాళ్లే. నేను దారిలో ఉన్నానంతే. దులుపుకుని లేస్తాను. ఇంకో రకం కూడా కనబడుతుంది. పెళ్లిపందిట్లో, ఆస్తి పంపకాల్లో, నవ్వుతూ మాట్లాడుతూనే ఎవరో ఒకరు ఇంకొకరి చొక్కా అంచు పట్టి వదిలేస్తారు. పడినవాడు ఉండడు, అరిచినవాడు ఉండడు. అక్కడ మాత్రం ఊరుకోలేను. నా దగ్గర విజిల్ లేదు కనుక గట్టిగా దగ్గుతాను. మా కోడలు నాకు మిరియాల కషాయం పెట్టడం మొదలుపెట్టింది. తాగుతున్నాను, దగ్గడం మానలేదు.