మడతమంచానికి మట్టం

గుడియాత్తం దగ్గర కొండవాలులో మాకు ఎకరం వేరుశనగ చేను ఉంది. అడవిపందులు పడకుండా కాపలాకు మా నాయన అక్కడే నేలమీద పడుకునేవాడు. ఒకసారి తేలు కుట్టింది. ఇక లాభంలేదని, కొండకు మోసుకుపోవడానికి తేలికగా ఉండే మడతమంచం కోసం ఆయన్ని వేలూరుకు తీసుకుపోయాను.

నాయన ముప్పై ఏళ్లు మేస్త్రీ పని చేసిన మనిషి. అంగడాయన గుడ్డ గురించి, బరువు గురించి చెబుతుంటే, ఈయన సంచిలోంచి వాలు చూసే రసమట్టం తీసి ఒక్కొక్క మంచం కడ్డీమీద పెట్టి బుడగ చూడసాగాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"మనం కొనేది మంచం నాయనా, గోడ కట్టేదానికి రాలేదు."

"పడుకునేదానికి మట్టం ఉండల్ల కదమ్మా."

నాలుగో మంచం దగ్గర బుడగ నడిమధ్యన నిలిచింది. చంకలో పెట్టుకుపోయేంత తేలిక. అదే కొన్నాం.

చేలో వేస్తే ఒక కాలు గాల్లో ఉంది. కొండవాలులో చదునైన నేల ఎక్కడిది? కాలి కింద రాయి పెట్టమన్నాను.

"రాయి కదలతాదమ్మా. తిన్నె కట్టల్ల," అన్నాడు.

ఆ తేలిక మంచం కోసం కొండమీదికి రెండు మూటల సిమెంటు, ఇసుక, బిందెలతో నీళ్లు మోశాం. మోకాలెత్తు తిన్నె లేచింది. అది ఆరిన రోజు మధ్యాహ్నం నాయన రసమట్టం పెట్టి చూసుకుని, నున్నటి గచ్చును అరచేత్తో నిమిరాడు. తరవాత మంచాన్ని మడిచి దాంతో వచ్చిన సంచిలో పెట్టి, ఆ సంచి తలకింద పెట్టుకుని తిన్నెమీద పడుకున్నాడు.