జిరాఫీల కొట్టంలో జీవరత్నం వడియాలు

2005 నాటికి ఐర్లండ్‌లోని ఎన్నిస్‌లో కాపురమున్న తెలుగువాళ్ళకు ఉద్యోగాలకు కొరత లేదు, కార్లకు లేదు. కొరతల్లా ఎండకే. నర్సు కృపాదానం భార్య జీవరత్నం ఈ సంగతిని స్వయంగా నిర్ధారించుకుంది. వచ్చిన రెండేళ్ళలో ఆరుసార్లు వడియాలు పెడితే నాలుగుసార్లు వాన తడిపింది, ఒకసారి గాలి పక్కింటి కంచె మీదికి ఎగరేసింది, ఆరోసారి వంటింట్లోనే బూజు పట్టింది.

అందుకే ఊరి వెలుపలి వన్యప్రాణుల పార్కులో జిరాఫీల కొట్టం శుభ్రం చేసే పని దొరికినప్పుడు, ఆమె మొదట చూసింది జిరాఫీలను కాదు, కప్పు నుంచి వేలాడుతున్న వేడి దీపాలను. బయట ఆఫ్రికా సవన్నా పేరిట పాతిక ఎకరాల పచ్చిక. జీబ్రాలు వానకు వీపులు తిప్పి నిలబడేవి. ఉష్ట్రపక్షులు మూసి మూలన పెట్టిన తడి గొడుగుల్లా ఉండేవి. బ్రిజిడ్ అనే ఆడ జిరాఫీ, కంచె అవతల కొత్త ఇళ్ళు లేపుతున్న క్రేన్లను గంటలకొద్దీ చూసేది, దూరపు చుట్టాలను పోల్చుకుంటున్నట్టు. కొట్టం లోపల మాత్రం మార్చి నెల నరసరావుపేట.

మూడు నెలల పరీక్షాకాలం ముగిసే శుక్రవారం నాడు సంరక్షకుల పెద్ద డెక్లన్ సంతకం పెడితేనే ఆమె ఉద్యోగం ఖాయం. అంతవరకు ఆగవలసింది. కానీ గుమ్మడికాయలతో గుమ్మాలు అలంకరించే హాలోవీన్ పండగ అయిపోయి, పక్కింటావిడ మిగిలిన మూడు గుమ్మడికాయలు ఇచ్చింది. గుమ్మడికాయలు ఆగవు.

కొట్టంలో ఆకులు వేలాడదీసే ఎత్తైన నడవ ఒకటుంది. బ్రిజిడ్ మెడ చాచితే మూతి ఎంతవరకు వస్తుందో జీవరత్నం టేపుతో కొలిచింది. ఇంకో జానెడు వదిలి, గురువారం మధ్యాహ్నం పాత నూలుచీర పరిచి, వరసకు పన్నెండు చొప్పున నాలుగు వరసల వడియాలు పెట్టింది. మెడను లెక్కలోకి తీసుకుంది. మూరెడు నాలుకను తీసుకోలేదు.

మర్నాడు వచ్చేసరికి బ్రిజిడ్ నోటి నుంచి చొంగ ధారగా కారుతోంది. డెక్లన్ దాని కాళ్ళ దగ్గర నిలబడి ఉన్నాడు.

"నోటి జబ్బులా ఉంది, రత్నా. డాక్టరు బయల్దేరాడు. మత్తిచ్చి చూస్తాడట. జిరాఫీకి మత్తంటే ప్రాణంతో చెలగాటమే."

జీవరత్నం నడవ మీదికి చూసింది. మూడు వరసలు లేవు. గడ్డిమోపుల వెనక్కి వెళ్ళి భర్తకు ఫోన్ చేసింది.

"ఏవండీ, జిరాఫీ మన వడియాలు తినేసింది."

"ఇవాళే కదే నీ సంతకం? నువ్వేం చూళ్ళేదు, ఊరుకో. అయినా వడియాలు తింటే ఏమవుద్ది, నేను తినట్లా?"

"మీకు దానిలా నాలుగు పొట్టలు లేవు."

"మన పెళ్ళైన కొత్తలో మీ అమ్మ ఉన్నాయనే అంది."

ఆమె ఫోన్ పెట్టేసింది. ఊరుకుంటే ఉద్యోగం ఉంటుంది, బ్రిజిడ్ ఉంటుందో లేదో. తిరిగివచ్చి డెక్లన్ ముందు నిలబడింది.

"డెక్లన్ సార్, అది జబ్బు కాదు. పచ్చిమిరపకాయ."

చెప్పవలసిందంతా చెప్పింది. ఆయన తలెత్తి నడవ మీది చీర వైపు చూశాడు.

"ఎన్ని తింది?"

"ముప్పై ఆరు."

డాక్టరుకు ఫోన్ చేసి, ఆమె చెబుతుంటే గుమ్మడి, మినప్పిండి, ఉప్పు, మిరపకాయలు అంటూ వరసగా అప్పజెప్పాడు. అవతల కాసేపు దగ్గులాంటి చప్పుడు వినిపించింది. మత్తు అక్కర్లేదట. నీళ్ళు పెట్టి ఒకరోజు కనిపెట్టి ఉంటే 'గ్రాండ్' అట, అంటే బాగైపోతుందని.

డెక్లన్ జేబులోంచి ఆమె ఉద్యోగపు కాగితం తీశాడు. జీవరత్నం తన చీపురును గోడకు చేరేసింది, ఇక అప్పగించడమే తరువాయి అన్నట్టు.

"నీకు ముందున్నవాడు గేటు మూయడం మరిచి నాలుగురోజులు నోరు విప్పలేదు. జీబ్రా గోల్ఫ్ మైదానంలో దొరికింది. నువ్వు ఐదు నిమిషాల్లో చెప్పావు."

"ఏడు, సార్. మధ్యలో మా ఆయనకు ఫోన్ చేశాను."

"ఆయనేమన్నాడు?"

"ఊరుకోమన్నాడు."

డెక్లన్ కాగితాన్ని బ్రిజిడ్ నీళ్ళతొట్టి అంచుమీద ఆనించి సంతకం పెట్టి, ఆమె చేతికిచ్చాడు.

"ఇక ఆ నాలుగో వరస తీసెయ్యి. అది చూస్తోంది."