చప్పుడు తెలిసే బండి

నిన్న సాయంత్రం కింది వాటాలో ఉండే అమ్మాయి ఫోన్ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. వాళ్లాయన మోటార్‌సైకిల్ కొంటానంటున్నాడట. ఒక ఫొటోలో దూరప్రయాణాల బండి: వెడల్పాటి సీటు, ముందు గాలి ఆపే అద్దం, వెనక సామాను పెట్టెలు. రెండో దాంట్లో కుర్రాళ్లు ముందుకు వాలి తోలే షోకు బండి. “పెద్దమ్మా, మీకు ఎరుకే గద, రెండిట్ల ఏది తీసుకోమంటరు?” అంది. బండ్ల గురించి నాకు తెలిసినదంతా ఒక్క వర్షాకాలంలో తెలిసింది. ఆ వర్షాకాలమంతా నేను మా ఆయనను అనుమానిస్తూ గడిపాను.

అప్పటికి మా బిడ్డకు కొత్తగా కంప్యూటర్ ఉద్యోగం వచ్చింది. సూరత్‌లోని ఉధ్నాలో పుట్టి పెరిగిన పిల్ల. దానికి కోపం వస్తే హిందీ, కూరగాయల బేరానికి గుజరాతీ, గారాలు పోవడానికి మాత్రం తెలుగు. వాళ్ల నాన్న పెళ్లికి ముందు నుంచీ పల్సానాలో సాంచెలు నడుపుతున్నాడు. మా ఊరివైపు మరమగ్గాలను సాంచెలనే అంటాం. షేర్ ఆటోలో మోకాళ్లు ముడుచుకుని వెళ్లడం, నూలు దుమ్ముతో తిరిగి రావడం, అదే ఆయన ప్రయాణం. ఒక పాత మోపెడ్ ఉండేది గానీ, అది ఆయనను మోసిన దానికన్నా ఆయన దాన్ని తోసుకొచ్చిందే ఎక్కువ. “పప్పా, అబ్ నయీ గాడీ. నేనే తీసిస్త, నువ్వు ఏది అంటే గది” అని బిడ్డ మాటిచ్చింది.

అప్పుడూ ఇలాంటి రెండు బండ్లే ముందుకొచ్చాయి; నా ఓటు మొదటినుంచీ పెద్ద సీటు బండికే. ఆయనా దాన్నే కోరతాడనుకున్నాను. బెల్లం కొనాలన్నా నాలుగు దుకాణాలు తిరిగి మళ్లీ మొదటి దుకాణానికే వచ్చే నిదానస్తుడు. అలాంటి మనిషి షోరూముకు వెళ్లొచ్చి, షోకు బండే కావాలని కూర్చున్నాడు. దాని వెనక సీటు మా ఇంట్లో కూరగాయలు తరిగే పీటకన్నా చిన్నది, పైగా ఎత్తులో ఉంది. చీర కట్టుకున్న మనిషి దాని మీద కూర్చోవాలంటే దేవుడి మీద భారం వేయాల్సిందే. ఎందుకయ్యా అది అంటే, “గదే మంచిగున్నది” అన్నాడు తప్ప రెండో మాట లేదు. పెళ్లాం కూర్చోవడానికి వీల్లేని బండిని మొగుడు ఎందుకు కోరుకుంటాడు? ఆ ప్రశ్న ఒకసారి మనసులో పడ్డాక, మిగతావన్నీ వాటంతట అవే వచ్చి దాని పక్కన కూర్చున్నాయి.

ఇల్లంతా దద్దరిల్లేలా మాట్లాడే మనిషి కొన్నాళ్లుగా ముభావంగా తయారయ్యాడు. వంటింట్లోంచి పిలిస్తే పలకడు; ఎదురుగా వెళ్లి నిలబడితే ఉలిక్కిపడి నవ్వుతాడు. ఆ నవ్వు నాకు అస్సలు నచ్చేది కాదు. ఫోన్ మోగితే ఎత్తకుండా, తర్వాత వేలితో కొట్టి కొట్టి మెసేజ్ పంపేవాడు. ఎవరికి అని అడిగితే ‘ఆఁ ఆఁ’ అనేవాడు. మేమంతా ఏదైనా మాటకు నవ్వితే, మా మొహాలు చూసి కాసేపటికి తనూ నవ్వేవాడు. మనసు ఎక్కడో పెట్టుకున్న మనిషి లాగా. అన్నింటినీ మించి, ఆదివారం పొద్దున్నే బండి చూసొస్తానని వెళ్లిన మనిషి ప్యాంటు మడతల్లో ఇసుక. నల్లటి ఇసుక. సూరత్‌లో ఉన్నవాళ్లకు చెప్పక్కర్లేదు, నల్లటి ఇసుకంటే డుమస్ సముద్రపు ఒడ్డు. అక్కడికి ఆదివారాలు పిల్లాపాపలతో వెళ్తారు, లేదంటే జంటగా వెళ్తారు. టమాటా భజియాలు ఒంటరిగా తినడానికి అంతదూరం వెళ్లే మగవాణ్ణి నేనైతే చూడలేదు.

పక్క గల్లీలో ఉండే మా ఆడబిడ్డకు చెబితే ఆమె మంట మీద ఇంకో కట్టె వేసింది. “వదినే, యాభై దాటిన మొగోడు షోకు బండి అడిగిండంటే జర కనిపెట్టుకోవాలె. మా అన్న అని నేను ఎనకేసుకరాను” అంది. అన్న మీద ఆమెకు అంత నమ్మకం ఉందని అప్పుడే తెలిసింది.

మరుసటి ఆదివారం ఆయన బయటికి వెళ్లగానే, కొంగు తలమీదుగా కప్పుకుని ఇంకో ఆటోలో వెనకే వెళ్లాను. డుమస్ దాకా వెళ్లాల్సి వస్తుందని గుండె గట్టి చేసుకున్నాను గానీ, ఆయన ఆటో షోరూము ముందే ఆగింది. వాన వెలిసి ఎండ వచ్చింది. నేను గాజు తలుపు పక్కన, ఏనుగంత ప్రకటన అట్ట వెనక నిలబడ్డాను. షోకు బండి మీద మా ఆయన ముందుకు వాలి కూర్చుని ఉన్నాడు, బండి గుర్రుమంటోంది, ఆయన రెండు అరచేతులూ ట్యాంకు మీద పెట్టి కళ్లు మూసుకున్నాడు. ఆ మొహంలో ఎంత నిమ్మళం! చుట్టూ చూశాను. ఏ ఆడమనిషీ లేదు. తర్వాత అమ్మే కుర్రాడు ఆయనను పెద్ద బండి మీద కూర్చోబెట్టి, బటన్ నొక్కాడు. బండి మెత్తగా నడుస్తోంది. మా ఆయన కాసేపు ఎదురుచూసి, స్టార్ట్ చేయమని “చాలూ కరో భాయ్” అన్నాడు. కుర్రాడు నవ్వి, “చాలూ హీ తో హై, కాకా” అన్నాడు, నడుస్తూనే ఉందని. ఈయన మళ్లీ, “చాలూ కరో నా” అన్నాడు.

నేను లోపలికి వెళ్లి ఆయన వీపు వెనక నిలబడ్డాను. “ఏమయ్యా” అని పిలిచాను. కదలలేదు. గట్టిగా పిలిచాను. షోరూములో ఉన్నవాళ్లంతా నావైపు తిరిగారు, ఒక్క ఆయన తప్ప.

ఎదురు టీ బండి దగ్గర, ఆయనకు నా మొహం కనబడేలా కూర్చున్నాను. “ఎన్నాళ్లసంది?” అన్నాను. నా పెదవులు చూసి తల దించుకున్నాడు. “ఎన్నడు మొదలైందో తెల్వదే. సాంచెల సప్పుడు ఇంటికొచ్చినంక గూడ చెవుల్ల మోగుతనే ఉంటది. మీ మాటలు ఏడనో దూరంకెళ్లి వచ్చినట్టు వస్తయి. సేఠ్‌కు తెలిస్తే పన్లకెళ్లి తీసేస్తడని ఎవ్వరికి చెప్పలె.” మరి డుమస్‌కు ఎందుకు పోయినవ్ అన్నాను. “సముద్రం సప్పుడు ఏడిదాంక ఇనవడ్తదో చూద్దామని పోతున్న. ప్రతిసారి ఇంకింత దగ్గరికి పోవాల్సొస్తున్నది” అన్నాడు. షోకు బండి సంగతి ఆయనే చెప్పాడు: “గా బండి నడుస్తుంటే చేతులకు ఎరుకైతది. ఇంకోటి నడుస్తుందో, ఆగిందో నాకేం తెలుస్తది?”

బిడ్డకు చెబితే ముందు హిందీలో కేకలేసి, తర్వాత తెలుగులో ఏడ్చింది. రాజమండ్రి వైపు నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ ఉందని తెలిసి అక్కడికి తీసుకెళ్లాం. చెవుల్లో ఏవేవో చప్పుళ్లు పెట్టి చూసి, “పోయింది తిరిగి రాదండీ, ఉన్నది కాపాడుకోవాలి. ఆ మగ్గాల మధ్య ఇక వద్దు” అంది. చెవికి మిషన్ పెట్టించింది. సేఠ్‌కు చెప్పవద్దని నేనన్నాను. ఆయనే వెళ్లి చెప్పాడు. పనిలోంచి తీసేయలేదు గానీ, బట్టలో లోపాలు చూసే గదికి మార్చారు. జీతం తగ్గింది. ఆ గది నిశ్శబ్దంగా ఉంటుంది. మొదటిరోజు ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుని, “గాడ కూసుంటే పని చేసినట్టే లేదు” అన్నాడు. సాంచెల మోత వల్లే చెవులు పోయిన మనిషి, ఆ మోత కోసమే చాలాకాలం దిగులు పడ్డాడు.

బండి దగ్గర మాత్రం మా ఇద్దరికీ పంతం నడిచింది. నేను వెనక కూర్చునేదే కొనాలన్నాను. “నువ్వు నాకు కాపలానా?” అని రుసరుసలాడాడు. “ఔ, కాపలానే” అన్నాను. చివరికి పెద్ద సీటు బండే వచ్చింది. గాలికి మిషన్ ఈల వేస్తుందని తోలేటప్పుడు తీసి జేబులో పెట్టుకుంటాడు. ఎడమనుంచి లారీ హారన్ వినిపిస్తే ఎడమ భుజం తడతాను, కుడినుంచైతే కుడి భుజం. మొదట్లో ప్రతిసారీ విసుక్కునేవాడు. ఒకసారి పల్సానా రోడ్డు మీద నేను తట్టడం, ఆయన పక్కకు తప్పుకోవడం, మా మోకాళ్లకు జానెడు దూరంలో బస్సు దూసుకుపోవడం జరిగాక, ఇప్పుడు నేను ఎక్కందే బండి కదలదు.

అనుమానించినందుకు నేనేమీ సిగ్గుపడను. నమ్మి ఊరుకుని ఉంటే, ఆయన ఒంటరిగా ఇంకా దగ్గరకు, నీళ్ల అంచు దాకా నడుస్తూనే ఉండేవాడు. ఇప్పటికీ, మిషన్ పెట్టుకుని ఉండి కూడా, గ్యాస్ బండ మార్చమంటే పలకడు. అది వినబడకపోవడమో, విననట్టు ఉండటమో నాకు ఈనాటికీ తేలలేదు. ఆ ఒక్క సంగతిలో నా అనుమానం అలాగే ఉంది. కానీ ఒకటి మాత్రం తెలిసింది: కాలం మన మనిషి దగ్గరనుంచి ఏదైనా పట్టుకుపోయేటప్పుడు చప్పుడు చేయదు, పక్కనున్నవాళ్లకు మొదట అది ఆ మనిషి తప్పులాగే కనిపిస్తుంది.