తిట్లకిచ్చిన పతకాలు

అమ్మమ్మ తిట్టని మనిషి ఆ వీధిలో లేడు. పాలవాడికి రోజూ పడేవి. రేడియోలో వార్తలు చదివేవాడికి కూడా పడేవి. పన్ను పీకించుకోవడానికి వెళ్లి, డాక్టరు చేతులు కడుక్కున్న తీరు దగ్గర మొదలుపెట్టి ఆయన్ని కన్నవాళ్ల దాకా వెళ్లింది. ఆయన పన్ను జోలికి పోకుండానే సాగనంపాడు. పైగా నిన్నటి తిట్టు ఇవాళ వాడడం ఆవిడకు నామోషీ.

ఒకరోజు సున్నాలకని గది ఖాళీ చేస్తూ, మనవరాలు అమ్మమ్మ మంచం కింది రేకుపెట్టె తెరిచింది. అమ్మమ్మ యుద్ధకాలంలో సైనికాసుపత్రి నర్సు. సర్కారు ఇచ్చిన వెండి పతకం కిటికీ తెర ఎగరకుండా దాని అంచుకు వేలాడుతుండేది. పెట్టెలో మాత్రం చీర మడతల మధ్య పతకాలు భద్రంగా ఉన్నాయి. ఒకటి డబ్బా మూత కత్తిరించి చేసిన నక్షత్రం. ఒకటి బూటు బకిల్ అరగదీసి చేసిన చంద్రవంక. అన్నిటికంటే పెద్దది, విరిగిన కాలికి వేసే పిండికట్టు ముక్కని చెక్కి చేసిన బిళ్ల. అన్నిటికీ గాయాల కట్టుగుడ్డలే రిబ్బన్లు.

ఇవేమిటని అడిగితే, అడక్కుండా పెట్టె తెరిచినందుకు ముందు తిట్లు పడ్డాయి. తర్వాత అమ్మమ్మ నేలమీద చతికిలబడి చెప్పింది.

గాయపడ్డవాళ్లను లారీల్లో తెచ్చి దించేవారట. ఉన్నది ఒక్క డాక్టరు. ఆయన వచ్చేలోపు కళ్లు మూసినవాళ్లు చాలామంది మళ్లీ తెరవలేదు. మందులు నిండుకున్నాయి. మెలకువగా ఉండమని బతిమాలితే ఎవరూ వినలేదు, పాడితే హాయిగా నిద్రలోకి జారిపోబోయారు. ఒళ్లుమండి అమ్మమ్మ ఒకడి మీసాన్ని ఈసడించింది. వాడు కళ్లు తెరిచి, కోపంతో లేవబోయాడు. ఇక వార్డంతా తిరిగి మంచానికో తిట్టు తిట్టింది. బతికినవాళ్లు వెళ్లేముందు చేతికందినదాంతో పతకం చేసి, సెల్యూట్ కొట్టి, ఆవిడ తెల్లకోటుకు తగిలించి వెళ్లారు.

మనవరాలికి ఆ డబ్బా మూతను అరచేతిలో ఎలా పట్టుకోవాలో తెలియలేదు.

"తిట్టినా లేవనివాళ్లో?" అంది మెల్లిగా.

అమ్మమ్మ ఒక రిబ్బను ముడి సవరించింది. "ఉన్నారు. అందుకే ఎవరైనా ఉలుకూ పలుకూ లేకుండా ఉంటే నాకు భయం. ఓ మాట విసిరి చూస్తా. ఎదురు తిరిగితే హమ్మయ్య అనుకుంటా."

మనవరాలు కళ్లు తుడుచుకుని, పిండికట్టు బిళ్ల ఎవరిదని అడిగింది.

"అదా? మీ తాతయ్యది. అందరికంటే ఎక్కువ తిట్లు తిన్నాడు. అది నా కోటుకు గుచ్చి, ఇంకా ఏమైనా మిగిలాయా అని అడిగాడు," అంది అమ్మమ్మ. "జీవితానికి సరిపడా ఉన్నాయన్నాను."