ఆయన ఎక్కని బస్సు

యుద్ధం ముగిసిందని టీవీలో చెప్పిన పొద్దున ఆర్మూర్‌లో మా వాడకట్టు ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి, "ఇగ మీ ఆయన వస్తడు తియ్యి" అన్నారు. మా ఆయన ఒక అరబ్బు దేశపు నగరంలో రొట్టెల బట్టీలో పనిచేసేవాడు. వాళ్లు పూటపూటా తినే కుబ్బూస్ రొట్టె కాల్చడం ఆయన పని. ఆ దేశం పేరు రాయొద్దన్నాడు కాబట్టి రాయడం లేదు. పొరుగు దేశం సైన్యం వచ్చి ఆ నగరంలో తిష్ఠ వేసిన నాటి నుంచి నాకు ఏ పని మీదా మనసు నిలవడం లేదు.

ఆ మధ్యాహ్నమే ఫోన్ వచ్చింది. నేను వేల్పూర్ దారిలో మా చేను దగ్గర ఉడికించిన పసుపు ఆరబోస్తున్నాను.

"అయిపోయిందంట గదా, ఎప్పుడొస్తవ్?" అన్నాను.

"టీవీల అయిపోయింది. మా గల్లీ మొదట్ల బడిలనే ఉన్నరింకా సిపాయిలు. పోతరంట గని ఉత్త చేతులతోని పోతలేరు."

దుకాణాల్లో ఏసీలు, ఇళ్ల ముందు కార్లు, చేతికందినవన్నీ ట్రక్కుల్లోకి ఎక్కిస్తున్నారట. జనం ఊరుకున్నారు. చివరికి ఆ గల్లీలో ఉన్న చిన్న దవాఖాన జనరేటర్ కోసం వచ్చారు.

"గది పోతే లోపల పండుకున్నోళ్లు బతుకుతరా? ఆడోళ్లందరు పోయి ట్రక్కు ముంగట కూసున్నరు."

ఆయన మాటల వెనక గిన్నెలు మోగుతున్నాయి. ఒకటి రెండు కాదు, ఊరేగింపు వస్తున్నట్టు. సైన్యం పోవాలని జనం మిద్దెలన్నిటి మీదా నిలబడి గరిటెలతో కొడుతున్నారని చెప్పాడు.

"నువ్ బయటికి పోకు."

"నేనేడికి పోత? బట్టీ దగ్గరనే ఉన్న. ఫికర్ జెయ్యకు."

ట్రక్కు గల్లీ బయటి దాకా వెనక్కి తగ్గింది. మర్నాటికి గల్లీవాళ్లు రెండు వైపులా దారి మూసేశారు. బీరువాలు, పాడైన ఫ్రిజ్‌లు, మంచాలు, పిండి మోసే తోపుడుబండ్లు అడ్డం పెట్టారు. వాటి వెనక మగవాళ్లు రాళ్లు పోగేశారు. ఎవరెవరి దగ్గరో పాత తుపాకులు కూడా బయటికొచ్చాయి. బయటి నుంచి కూరగాయ ముక్క రాదు. బట్టీలో మాత్రం పిండి ఉంది. యజమానురాలు భర్త పోయిన ముసలావిడ. మా ఆయన ఆమెను అమ్మా అనే పిలిచేవాడు. ఆమె తన దుకాణం షట్టర్ తెరిచి, ఎవరొచ్చినా రొట్టె ఇవ్వమంది.

సరిగ్గా అప్పుడే కంపెనీలవాళ్లు మన దేశం పనివాళ్లను సరిహద్దు దాటించడానికి బస్సు పెట్టారు. ఎక్కేముందు ఫోన్ చేస్తానన్నాడు, చేశాడు. కానీ గొంతులో తొందర లేదు.

"సామాను సదురుకున్నవా?"

"సదిరిన. గని అమ్మ చేతులు వణుకుతున్నయే. బట్టీ ముంగట నిలవడలేదు. ఇంకొకలకు రాదు గీ పని. గల్లీ మొత్తం గిక్కడ్నే తింటుంది."

"గది మన లొల్లి గాదు."

"నాకెర్కనే."

"ఎర్కుంటే బస్సెక్కు."

"సరే" అన్నాడు. ఆ సరే నాకు నచ్చలేదు.

సాయంత్రం నందిపేట్ అతను ఫోన్ చేశాడు. ఆయనతో ఒకే గదిలో ఉండేవాడు. "వదినా, అన్న ఎక్కలే. బస్సు దంక వచ్చి నా బ్యాగు మీదికి అందించి ఎన్కకు మర్లిండు. ఎంత ఒర్రినా ఇనలే."

తర్వాత ఆయన ఫోన్ కలవలేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు వెళ్లాలో తెలిసేది కాదు. అన్నం పెట్టుకుని మరిచిపోయేదాన్ని. బస్టాండు వైపు నడిచి, అక్కడ పనేమీ లేక తిరిగొచ్చేదాన్ని. అత్తమ్మకు మాత్రం నెట్‌వర్క్ పోయిందని చెప్పాను. ఒకరోజు చేను దగ్గర ఆమె నా చేతిలోంచి పార గుంజుకుంది.

"ఎండిన పసుపును ఎన్నిమాట్ల తిప్పుతవ్ బిడ్డా? ఏమైందో చెప్పు."

చెప్పాను.

"బస్సు ముంగటికొస్తే ఎందుకెక్కలే వాడు?"

"రొట్టెలు జెయ్యాల్నని."

"గాళ్లకు తల్లులు లేరా, జేసిపెట్టనీకి!" అని అరిచింది. ఆ వెంటనే కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకూ అదే అరవాలనుంది, ఆమె ముందే అరిచేసింది.

పసుపు అమ్మడానికి మార్కెట్ యార్డుకు తెచ్చిన రోజు, మా రాశి దగ్గరకు కొనేవాళ్లు వచ్చి కొమ్ములు విరిచి చూస్తుండగా కొత్త నంబర్ నుంచి ఫోన్ మోగింది. ఆయనే. గొంతు గుర్తుపట్టలేనంతగా బొంగురుపోయింది.

"పోయిన్రు. జనరేటర్ గిక్కడ్నే ఉంది."

నేను ఫోన్ చెవికి అదుముకుని బస్తాల పక్కకు జరిగాను. "నీకేం గాలేదు గదా?"

"నాకేం గాలే. అమ్మ పోయింది."

అడ్డు దగ్గర కాపలా ఉన్నవాళ్లకు రొట్టెలు ఆయనే మోసుకెళ్లేవాడట. ఆఖరి ఉదయం తట్ట నెత్తికెత్తుకోబోతుంటే ఆమె ఆపింది. నీకు దూరంగా తిరిగి వెళ్లాల్సిన ఇల్లుంది, నాది ఇక్కడే అంటూ తట్ట అందుకుని వెళ్లింది. అడ్డు దాకా చేరింది. రొట్టెలు పంచుతుండగా సైనికుల తూటా తగిలింది. అది చూసి గల్లీ అంతా అడ్డు దాటి ట్రక్కు మీదికి ఉరికింది. మా ఆయన కూడా వాళ్లలో ఉన్నాడు. ఎంతోమంది కలిసి భుజాలు పెట్టి ఆ ట్రక్కును పక్కకు పడేశారు. సైనికులు దాన్ని వదిలేసి బడి వెనక నుంచి వెళ్లిపోయారు. మా ఆయన ఆమెను ఇంట్లోకి మోసుకొచ్చి, మళ్లీ బట్టీ దగ్గరికే వెళ్లాడు. జనం ఆకలితో ఉన్నారు మరి.

ఆయన ఇంటికొచ్చి వానాకాలం దాటింది. చిక్కిపోయాడు. కూర్చున్న చోట కూర్చోడు. తెల్లవారకముందే లేచి వాకిట్లో అటూ ఇటూ తిరుగుతాడు, ఒక్కోసారి చెప్పకుండా రోడ్డు మీదికి వెళ్లిపోతాడు. బస్సు ఎందుకెక్కలేదని నేను మళ్లీ మళ్లీ అడిగాను. కోపం తగ్గాక అడిగాను, తగ్గకముందూ అడిగాను.

"నువ్వైతే ఏం జేస్తుంటివి?" అన్నాడు ఒకసారి.

ఎక్కేదాన్ననే అన్నాను. ఆయన తలూపాడు, తప్పుపట్టలేదు. కానీ ఆ మాట అన్నాక రోజంతా నాకు నేనే పరాయిదానిలా తోచాను.

మొన్న ఆ గల్లీవాళ్లు వీడియో కాల్ చేశారు. ఆడా మగా ఒకరినొకరు తోసుకుంటూ తెరలోకి తొంగిచూశారు. బట్టీ మళ్లీ తెరుస్తారట, రమ్మంటున్నారు. ఆయన వాళ్ల భాషలో చాలాసేపు మాట్లాడాడు, నవ్వాడు కూడా. ఫోన్ పెట్టేశాక, నేను అడగకముందే "రానని చెప్పిన" అన్నాడు.

"నా కోసమా?"

"అమ్మ లేని బట్టీల నాతోని గాదు" అన్నాడు.

అత్తమ్మ లోపలి నుంచి అన్నానికి పిలిచింది. ఆయన వెళ్లలేదు. చెప్పులు వేసుకుని గేటు తీసి, ఎటు పోతున్నదీ చెప్పకుండా మెయిన్ రోడ్డు వైపు నడిచాడు. ఈసారి నేనూ చెప్పులేసుకుని వెంట నడిచాను.